ఆజ్ఞాపంక్తి విద్యయు, మన తెలుగు పిల్లలును

మన ప్రాంతపు ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు విద్య యనగా సామాన్యముగా రెండు పనులు: తెరపైనున్న బొమ్మలను నొక్కుట, పరీక్షకు కావలసిన నిర్వచనములను కంఠస్థము చేయుట. వీటివలన ప్రయోజనము లేదని నేననను. కాని తెలుగు మాధ్యమమున చదువు మన పిల్లలకు వీటికంటె ముఖ్యమైన విద్య మరియొకటి కలదు. పుటల కొలదిగా నున్న వ్రాతను చిన్న చిన్న ఆజ్ఞలచేత వెదకుట, విడదీయుట, క్రమములో నుంచుట, లెక్కించుట, ఒకదానితో నొకటి పోల్చుట – ఇదియే ఆ విద్య. ఆజ్ఞలను టైపు చేయు చోటును ఆజ్ఞాపంక్తి యనవచ్చును. ఆ యాజ్ఞలను వరుసగా నొక ఫైలులో వ్రాసి యుంచి, కావలసినప్పుడెల్ల నడిపించుకొనినచో దానిని ‘షెల్ స్క్రిప్టు’ అందురు. యంత్రపు నడిమి భాగమునకు గింజయనియు, మనము తాకగలిగిన పైభాగమునకు పొట్టు అనియు అర్థమిచ్చు పేర్లు పెట్టినారు. షెల్ అనగా ఆ పొట్టే.

ఈ విద్యను మన పాఠశాలలో నేర్పవలెననియు, దానిని నేర్పు బాధ్యతలో తెలుగు ఉపాధ్యాయుడును పాలు పంచుకొనవలెననియు నా యభిప్రాయము. ‘ఛందస్సును, సంధులను చెప్పవలసిన పంతులు యంత్రముల జోలికి పోనేల?’ అని తలిదండ్రులలో కొందరికి తోచవచ్చును. ఆ ప్రశ్నకు జవాబు ఆ యంత్రముల చరిత్రలోనే యున్నది.

1969లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారలు ‘యూనిక్సు’ అను నిర్వహణ వ్యవస్థకు పునాది వేసిరి. నేటి లినక్సు దాని పోకడలను అనుసరించి పెరిగినదే. అది 1971 ప్రాంతమున మొట్టమొదట నిత్యోపయోగమునకు వచ్చినది ఆ సంస్థవారి పేటెంటు శాఖలో. అచ్చట పని దరఖాస్తులను టైపు చేసి, దిద్ది, అందముగా ముద్రించుట. అనగా ఆ వ్యవస్థ తొలినాడే వ్రాతపని చేసి తన జీతమును తాను సంపాదించుకొన్నది.

వెదకుటకు వాడు ‘గ్రెప్’ అను ఆజ్ఞ కథ ఇంకను రుచిగా నుండును. అమెరికా రాజ్యాంగమును సమర్థించుచు 1787, 1788 సంవత్సరములలో హామిల్టన్, మాడిసన్, జే అను మువ్వురు ఒకే మారుపేరుతో 85 వ్యాసములు ప్రకటించిరి. వానిలో కొన్నింటిని ఎవరు వ్రాసిరను వివాదము చాలకాలము నిలిచినది. బెల్ పరిశోధనాలయములో లీ మక్‌మాన్ అను నాయన ఆ వ్యాసములలోని పదములను పరిశీలింపబూనగా, నాటి ఎడిటరుకు అంత పెద్ద వ్రాత మ్రింగుడుపడలేదు. అప్పుడు ఎడిటరులోని వెదకెడి భాగమును విడదీసి థాంప్సన్ వేరొక పనిముట్టుగా చేసెను. అదియే గ్రెప్. కర్తృత్వ నిర్ణయము, పదప్రయోగ పరిశీలనము – ఇవి మన సాహిత్య చరిత్రకారులు చేయు పనులు కావా? భారతములో ఫలానా భాగము ఎవరి రచన, ఫలానా శతకము ఎవరిది యని మన పండితులు వాదించుకొన్న పుటలు ఎన్ని లేవు! అట్టి ప్రశ్న కొరకు పుట్టిన పనిముట్టును తెలుగు పంతులు పరాయిదనుకొనుట నాకు వింతగా తోచును.

అదే పరిశోధనాలయమున డగ్లస్ మక్‌ఇల్‌రాయ్ అను శాస్త్రజ్ఞుడు 1964లోనే యొక సూచన చేసియుండెను. తోటకు నీరు పట్టు గొట్టపు ముక్కలను ఒకదానికొకటి బిగించినట్లు చిన్న ప్రోగ్రాములను కలుపు మార్గము కావలెనని యాయన కోరిక. అది 1973లో యూనిక్సునందు నెరవేరినది. రెండు ఆజ్ఞల నడుమ ఒక నిలువుగీత గీచినచో, మొదటిది విడిచిన వ్రాతను రెండవది అందుకొనును. దానికి ‘పైపు’ అని పేరు. మన పిల్లలకు గొట్టముకంటె మగ్గమును చూపి చెప్పుట సులభము. పొదటూరుపేటలోను, పళ్ళిపట్టులోను నేతపని చూడని వారుండరు. నూలు చుట్టువారొకరు, రంగు వేయువారొకరు, పడుగు పట్టువారొకరు, గంజి పెట్టువారొకరు, తుదకు నేయువారొకరు. ఎవరి పని వారిదే. ఒకరి చేతినుండి మరియొకరి చేతికి నూలు పోవుచుండును. చీరెను మొదటినుండి తుదివరకు ఒక్క చేతితో ముగించు మహాయంత్రము అచ్చట లేదు, అవసరమును లేదు.

ఇట్లు కలుపుటలోని బలమును తెలుపు సంఘటన యొకటి 1986లో జరిగినది. ఒక వ్రాతలో మిక్కిలి తరచుగా వచ్చు మాటలేవో, ఎన్నిసారులు వచ్చినవో చెప్పు ప్రోగ్రామును వ్రాయుమని జాన్ బెంట్లీ అను రచయిత తన పత్రికా శీర్షికలో డొనాల్డ్ నూత్ అను ప్రసిద్ధ గణిత పండితుని కోరెను. నూత్ అనేక పుటల రచన పంపెను. దానిని సమీక్షించిన మక్‌ఇల్‌రాయ్ ఆ రచనలోని నైపుణ్యమును మెచ్చుకొనుచునే, ఆ పనినే ఆరు చిన్న ఆజ్ఞలతో చేసి చూపెను. ఆ యారింటి సారాంశమును ఎనిమిదవ తరగతి పిల్లవాడును గ్రహింపగలడు. మొదట వ్రాతను పంక్తికొక్క మాటగా విడదీయవలెను. పెద్ద యక్షరములను చిన్నవిగా మార్చవలెను (తెలుగునకు ఈ బాధ లేదు). తరువాత ‘సార్ట్’ అను ఆజ్ఞ మాటలను క్రమములో నిలుపును. ఒకే మాట పలుమారులు వచ్చియున్నచో అవన్నియు ప్రక్కప్రక్కకు చేరును. అప్పుడు ‘యూనిక్’ అను ఆజ్ఞ ఒకే తీరుగానున్న పంక్తులను ఒకటిగా మడచి, ఎన్ని యుండెనో ప్రక్కన వ్రాయును. మరల సార్ట్ వాడి పెద్ద సంఖ్యలను పైకి తెచ్చి, మొదటి కొన్ని పంక్తులను మాత్రము నిలిపిన చాలును. యూనిక్ ప్రక్కప్రక్కనున్న పంక్తులనే పోల్చును గాన సార్ట్ ముందు రాకున్న లెక్క తప్పును. ఏ పని ముందు, ఏ పని వెనుక, ఎందుకు – ఈ యాలోచనయే యీ విద్యలోని సారము. వాక్యములో ఆకాంక్ష, ఆసత్తి యని మనము చెప్పు పాఠమునకును దీనికిని చుట్టరికము కలదని నా నమ్మకము.

మన పెద్దలు ఈ పనినే చేతులతో చేసిరి. సి. పి. బ్రౌన్ దొర కడపలోను, మదరాసులోను పండితులకు జీతములిచ్చి, తాళపత్ర ప్రతులను ప్రోగుచేయించి, ఒకే గ్రంథపు పలు ప్రతులను ప్రక్కప్రక్కన నుంచి పాఠభేదములను గుర్తింపజేసెను. 1829లో వేమన పద్యములను, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. 1885లో వెలువడిన శబ్దరత్నాకరము బహుజనపల్లి సీతారామాచార్యుల వారి యేకాగ్ర కృషి. ఆరోపములనెల్ల అకారాదిగా పేర్చుట, ప్రయోగములను వెదకి పట్టుట, రెండు ప్రతులను సరిపోల్చుట – వీనినే నేడు సార్ట్, గ్రెప్, డిఫ్ అను మూడు ఆజ్ఞలు రెప్పపాటున చేయును. పండితుని పాండిత్యమును అవి చేయలేవు. కాని అతని కన్నులకును, వ్రేళ్ళకును కలుగు శ్రమను తప్పించును. బ్రౌనునకు పండిత బృందము కావలసివచ్చినది. తిరుత్తణి బాలికకు పాత లాప్‌టాప్ ఒకటి చాలును.

అయితే ఆ బాలిక తెలుగు వ్రాతతో పనికి దిగిన వెంటనే కొన్ని చిక్కులు ఎదురగును. ఇచ్చటనే తెలుగు ఉపాధ్యాయుని అవసరము కనబడును.

యూనికోడు అను అంతర్జాతీయ పట్టికలో 1991 నుండి తెలుగునకు స్థానము కలదు. 128 గదులు మన లిపికి కేటాయించినారు. ఆ సంఖ్యలను యంత్రములో నిలువచేయుటకు యుటిఎఫ్–8 అను పద్ధతిని 1992లో థాంప్సన్, రాబ్ పైక్ అనువారలు కూర్చిరి. దాని ప్రకారము ఆంగ్ల యక్షరము ఒక బైటు, తెలుగు సంకేతము మూడు బైట్లు పట్టును. ఇక ‘స్త్రీ’ అను మాటను చూడుడు. కంటికి ఒకే యక్షరము. యంత్రమునకు సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము – మొత్తము ఆరు సంకేతములు, 18 బైట్లు. లెక్కించు ఆజ్ఞను అక్షరములెన్నియని యడిగిన 6 అనును, బైట్లెన్నియని యడిగిన 18 అనును. అక్షరమనగా నేమో దానికి తెలియదు. మనకు తెలియును, ఛందస్సులో గురులఘువులను గుర్తింపనేర్చిన ప్రతి పిల్లవానికిని తెలియును.

‘టీఆర్’ అను ఆజ్ఞ వలన కలుగు ప్రమాదము మరియొకటి. లినక్సు యంత్రములలో సాధారణముగా నుండు ఆ యాజ్ఞ వ్రాతను బైటు వెంట బైటుగా చూచును. ఖాళీ స్థలమును క్రొత్త పంక్తిగా మార్చుమన్నచో చక్కగా చేయును, ఏలయన ఖాళీ స్థలము ఒక్క బైటే, తెలుగు సంకేతముల లోపల అది ఎన్నడును రాదు. కాని అచ్చు పుస్తకములలో వలె వంపు తిరిగిన ఉద్ధరణ చిహ్నమును తొలగించుమని చెప్పితిమా, కొంప మునిగినట్లే. ఆ చిహ్నము మూడు బైట్లు. ఆ మూడింటిని టీఆర్ విడివిడిగా తీసికొని ఎచ్చట కనబడిన అచ్చట తుడిచివేయును. వానిలో నొకటి జకారపు చివరి బైటు, ఇంకొకటి గుడిదీర్ఘపు చివరి బైటు. చిహ్నములతోపాటు వ్రాతలోని జకారములన్నియు, గుడిదీర్ఘములన్నియు భగ్నమగును. జీతము, జీవము, జీలకర్ర – అన్నియు పాడగును! ఇట్టిచోట ‘సెడ్’ అను ఆజ్ఞను వాడవలెను. యంత్రపు భాషా స్థానము సరిగా నమర్చియున్న అది మూడు బైట్లను కలిపి ఒకటిగా గుర్తించును. ఆంగ్లము కొరకు వ్రాసిన పాఠ్యపుస్తకములో ఈ హెచ్చరిక కనబడదు, ఏలయన ఆంగ్లమునకు ఈ గాయము తగులదు.

అకారాది క్రమమును చూతము. మన వర్ణమాలలో ళకారము, బండిఱ చివరన వచ్చును. యూనికోడు పట్టికలో రేఫము ప్రక్కన బండిఱయు, లకారము ప్రక్కన ళకారమును కూర్చున్నవి. ఇతర భారతీయ లిపులతో వరుస కలియుటకు అట్లు చేసినారు. కాబట్టి సంకేతముల సంఖ్య ననుసరించి యంత్రము పేర్చిన పట్టికయు, మన పెద్దబాలశిక్ష క్రమమును ఒకటి కావు. పూర్ణబిందువు కథ యింకను పెద్దది. దానిని అచ్చులకు చివర నుంచు నిఘంటువులు కలవు, పరసవర్ణము ననుసరించి యుంచు నిఘంటువులు కలవు. యూనికోడు దానిని అచ్చులకు ముందే యుంచినది. ఐత్వమును ఒక సంకేతముగా వ్రాయవచ్చును, ఎత్వమును ఐత్వపు గుర్తును కలిపి రెండుగాను వ్రాయవచ్చును. కంటికి ఒకటే, యంత్రమునకు రెండు మాటలు. పొల్లుతో ముగియు మాట చివర కంటికి కనబడని ‘విడదీయు గుర్తు’ టైపులో చేరియున్నచో, యూనిక్ రెండింటిని వేరువేరుగా లెక్కించును. పిల్లవాడు కన్నులార చూచుచునే ‘రెండును ఒకటే గదా, అయ్యవారూ, ఇది వేరనుచున్నదేమి?’ అని యడుగును. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటలో నొక గంట గడచిన, వర్ణ సమామ్నాయ పాఠము దానంతట అదే నడచిపోవును.

ఇంత శ్రమ ఎందుకని యడుగువారున్నారు. 1960 ఏప్రిల్ 1వ తేదీన, 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టమును బట్టి, తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకు వచ్చినది. 1997 నుండి మనము తిరువళ్ళూరు జిల్లా వారము. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము, వ్యవసాయ పదములతో, వెలువడెను. తరువాత చేనేత పదముల సంపుటము వచ్చెను. మహత్తరమైన కృషి యది. కాని అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల కొరకు జరిగిన కృషి. గీతకు ఇవతలనున్న మన మగ్గపు మాటలు, మన మడి మాటలు, మన వంటింటి మాటలు ఎవరు వ్రాసిపెట్టవలెను? పాఠ్యపుస్తకములో ఉల్లిపాయ యున్నది. మన యింట ఎర్రగడ్డ. పుస్తకములో బంగాళాదుంప, మన యింట ఉర్లగడ్డ. పుస్తకపు మాటను వ్రాసి, ఇంటి మాటను సిగ్గుతో మ్రింగివేయు పిల్లలను నేను ప్రతి యేడును చూచుచున్నాను. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమున. అచ్చట తెలుగు వీధిలోను, కచేరీలోను, సినిమా గోడపత్రికలోను గాలివలె నిండియుండును, దానిని గూర్చి ఎవరును చింతింపనక్కరలేదు. ఇచ్చట మన తెలుగు నాలుగు గోడల మధ్య మాటాడు భాష. వ్రాసినవారు లేకున్న అమ్మమ్మతో పోవును.

ఒక్కొక్క పిల్లవాడు తన యింటి మాటలు ఇరువది, పంక్తికొక్కటి చొప్పున, సాదా ఫైలులో వ్రాసి తెచ్చినాడనుకొనుడు. ఒక కామా, దాని ప్రక్క అర్థము, మరియొక కామా, దాని ప్రక్క ఊరి పేరు. తరగతి ఫైలులనన్నిటిని ‘క్యాట్’ అను ఆజ్ఞ ఒకటిగా చేర్చును. ‘కట్’ అను ఆజ్ఞ కామాల నడుమ నుండి కావలసిన భాగమును తీయును. సార్ట్, యూనిక్ కలిసి ఏ మాటను ఎందరు తెచ్చిరో చెప్పును. ‘ఆక్’ అను పనిముట్టు – 1977లో దానిని చేసిన ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ అనువారల పేర్లలోని మొదటి యక్షరములే దాని పేరు – ఊరిని బట్టి లెక్క కట్టును. ఒక్కరే తెచ్చిన మాటలు ఏవో అడిగిన అవియు వేరుగా వచ్చును. నాకు మిక్కిలి ప్రీతియైనవి అవే. ఈ యాజ్ఞలన్నియు ఒక షెల్ స్క్రిప్టులో నుంచినచో, వచ్చు యేడు క్రొత్త పిల్లలు తెచ్చిన మాటలను చేర్చి మరల నడిపిన చాలును. పాత పని వృథా కాదు.

తలిదండ్రుల అభ్యంతరములు నాకు తెలియును. 2006 నాటి తమిళ అధ్యయన చట్టము వచ్చిన తరువాత మన పిల్లలు తమిళము, తెలుగు, ఆంగ్లము అను మూడు లిపులను మోయుచున్నారు. ఈ బరువుపై మరియొక బరువా యని వారి బాధ. ఆ బాధ న్యాయమైనదే. కాని యీ విద్యలో మూడు లిపులు భారము గాక పెట్టుబడి యగును. తెలుగు ఊరి పేర్లను తమిళములోనికి మార్చు పట్టికను సెడ్ ఆజ్ఞలతో వ్రాయవచ్చును. క ఖ గ ఘ లు నాలుగును తమిళమున ఒకే యక్షరమగును గాన వెనుకకు మరల్చుట మాత్రము యాంత్రికముగా సాధ్యపడదు. ఎందుకు సాధ్యపడదో రెండు లిపులను తెలిసిన మన పిల్లవాడు చప్పున చెప్పును. ఒకే లిపి తెలిసినవాడు తల గోకికొనును.

ఆజ్ఞలన్నియు ఆంగ్ల లిపిలోనే టైపు చేయవలెను గదా యని మరికొందరందురు. నిజమే. కాని అవి పది పదునైదు పొట్టి మాటలు. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున మన తెలుగువారే తెలుగును ఆంగ్ల యక్షరములలో టైపు చేసి యంత్రముచేత తెలుగు లిపిలోనికి మార్పించు పద్ధతిని కూర్చిరి. తెరపై తెలుగు అచ్చు కనబడుటయే కష్టమైన దినములవి. వారితో పోల్చిన మన కష్టమెంత?

ఇక నేటి మాట: ప్రశ్న వేసిన వెంటనే జవాబు చెప్పు కృత్రిమ మేధ యుండగా ఈ చేతిపని ఏల? ఆ యంత్రములు వ్రాసియున్న దానిని చదివి నేర్చినవి. వ్రాయని తిరుత్తణి తెలుగు వానికి రాదు. అదియును గాక, ఒక పుస్తకములో ఒక మాట ఎన్నిసారులు వచ్చినదని యడిగినచో అట్టి యంత్రము ఊహించి చెప్పవచ్చును, గ్రెప్ ఊహింపదు. సరిచూచుకొను సాధనము చేతిలో లేనివాడు ఎవరేమి చెప్పిన నమ్మవలసినదే.

ఖర్చు విషయము స్వల్పము. 2011లో ప్రారంభమైన ఉచిత లాప్‌టాప్ పథకము క్రింద అన్నలకో అక్కలకో వచ్చిన యంత్రములు కొన్ని యిండ్లలో బీరువాపై నుండవచ్చును. బొమ్మలాటలకు అవి పనికిరాకున్నను ఆజ్ఞాపంక్తికి చాలును. చెన్నైలోని సీడాక్ వారు కూర్చిన ‘బాస్’ లినక్సు ఉచితము; భారతీయ భాషలకు అందు వసతి కలదు. పనికి కావలసిన యాజ్ఞలన్నియు అందులోనే యుండును, వేరుగా కొనవలసినది లేదు.

వారమునకు ఒక్క గంట చాలునని నా లెక్క. తొలి యర్ధ సంవత్సరము తెలుగు వాచకములోని ఒక్క పాఠముతోనే గడపవచ్చును. దానిని టైపు చేయుట, మాటలను లెక్కించుట, ఆ లెక్కను చేతితో సరిచూచుట. రెండవ యర్ధములో ఇంటి మాటలు. పొదటూరుపేట, పళ్ళిపట్టు వైపునుండి వచ్చు పిల్లలు మగ్గపు మాటలతో మొదలుపెట్టుట మేలు. అచ్చు, పడుగు, పేక, కండె అను నాలుగింటికి ఇంటిలో వాడు పేర్లు వేరేవైన వానినే వ్రాయుడు. పుస్తకపు మాటను ప్రక్కన చేర్చు పనిని మాకు వదలుడు. ఊరి పేరును మాత్రము మరువవలదు. ఏ ఊరి మాటయో తెలియకున్న ఆక్ దానిని ఎచ్చటను చేర్చలేదు.